ఎర్రచందనం

ఎర్రచందనం తూర్పు కనుమల దక్షిణ భాగంలోని పొడి అడవులలో మాత్రమే సహజసిద్ధంగా పెరిగే ఒక కలప వృక్షం. దీనిని రక్తచందనం అని కూడా అంటారు. ఇది చిక్కుడు, కంది, వేరుశనగ మొదలైన మొక్కలు చేరిన ఫాబేసీ కుటుంబానికి చెందినది. దీని శాస్త్రీయ నామం టెరోకార్పస్ శాంటలైనస్. ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రపు దక్షిణ జిల్లాలలోని కొండలు దీనికి ప్రధాన నివాసం. వాటికి ఆనుకొని ఉన్న తమిళనాడు, కర్ణాటక ప్రాంతాలలో కొద్దిపాటి చెట్లు ఉన్నాయి. ప్రపంచంలో మరెక్కడా ఇది అడవి చెట్టుగా కనిపించదు.

ఈ చెట్టు విలువ అంతా దాని ఎర్రని చేవలో ఉన్నది. ఆ చేవ ఏర్పడటానికి దశాబ్దాలు పడుతుంది, చెట్టును నరకడానికి కొన్ని నిమిషాలు చాలు. ఈ వ్యత్యాసమే ఎర్రచందనం ఎదుర్కొంటున్న ముప్పుకు మూలకారణం. అక్రమ నరికివేత వలన అడవులలో పెద్ద చెట్ల సంఖ్య బాగా తగ్గిపోవడంతో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి దీనిని అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో చేర్చింది.

శాస్త్రీయ వర్గీకరణ

- రాజ్యం: ప్లాంటే
- క్రమం: ఫాబేల్స్
- కుటుంబం: ఫాబేసీ
- ప్రజాతి: టెరోకార్పస్
- జాతి: టె. శాంటలైనస్

పేర్లు

టెరోకార్పస్ అనే ప్రజాతి నామం గ్రీకు భాష నుండి వచ్చింది. దీనికి "రెక్క గల కాయ" అని అర్థం. కాయ చుట్టూ పలుచని రెక్క ఉండటం వలన ఈ పేరు ఏర్పడింది. శాంటలైనస్ అనగా చందనాన్ని పోలినది. ఈ జాతికి శాస్త్రీయ నామం పెట్టినవాడు స్వీడన్ దేశపు వృక్ష శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ కుమారుడైన చిన్న లిన్నేయస్. ఆయన 18వ శతాబ్దపు చివరి భాగంలో దీనిని వర్ణించాడు.

వివిధ భాషలలో దీని పేర్లు:

- తెలుగు: ఎర్రచందనం, రక్తచందనం, ఎర్ర గంధం
- సంస్కృతం: రక్తచందన
- తమిళం: సెంజందనం, సెమ్మరం
- కన్నడం: రక్తచందన
- హిందీ: లాల్ చందన్, రక్త్ చందన్
- ఆంగ్లం: రెడ్ శాండర్స్, రెడ్ శాండల్‌వుడ్

పేరులో చందనం ఉన్నప్పటికీ దీనికి శ్రీగంధంతో బంధుత్వం లేదు. శ్రీగంధం శాంటలేసీ కుటుంబానికి చెందిన వేరొక చెట్టు. దాని చేవలో సువాసన గల నూనె ఉంటుంది. ఎర్రచందనపు చేవలో చెప్పుకోదగిన వాసన లేదు, దాని ప్రత్యేకత రంగు, బరువు, గట్టిదనం. ఈ రెండింటినీ సానపై అరగదీసి గంధంగా వాడే అలవాటు వలన రెండింటికీ చందనమనే పేరు స్థిరపడింది.

లక్షణాలు

- ఎర్రచందనం మధ్యస్థంగా పెరిగే, ఆకు రాల్చే వృక్షం. సాధారణంగా 10 మీటర్ల వరకు పెరుగుతుంది, అనుకూలమైన చోట్ల ఇంకా ఎత్తుకు ఎదుగుతుంది. మాను చుట్టుకొలత 90 నుండి 150 సెంటీమీటర్ల వరకు ఉంటుంది.
- బెరడు నల్లని గోధుమ రంగులో ఉండి, నిలువుగా, అడ్డంగా లోతుగా పగిలి, మొసలి చర్మం వలె పెళ్ళలు పెళ్ళలుగా కనిపిస్తుంది. అడవిలో ఈ చెట్టును గుర్తించడానికి ఇది సులువైన ఆనవాలు.
- బెరడుపై గాటు పెడితే ఎర్రని రసం కారుతుంది. రక్తచందనం అనే పేరు చెట్టు చేవకే కాక ఈ రసానికి కూడా సరిపోతుంది.
- ఆకులు సంయుక్త పత్రాలు. ఒక్కొక్క ఆకులో సాధారణంగా మూడు పత్రకాలు, అరుదుగా అయిదు ఉంటాయి. పత్రకాలు గుండ్రంగా, కొన వద్ద కొద్దిగా నొక్కుకొని ఉంటాయి.
- పువ్వులు పసుపుపచ్చగా, చిన్న గుత్తులుగా పూస్తాయి.
- కాయ గుండ్రంగా, చదునుగా, చుట్టూ రెక్కతో 4 నుండి 5 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. ఒక్కొక్క కాయలో ఒకటి, అరుదుగా రెండు గింజలు ఉంటాయి.

ఎండాకాలానికి ముందు ఆకులు రాలిపోతాయి. మార్చి, ఏప్రిల్ నెలలలో కొత్త చిగుళ్ళతో పాటు పూత మొదలవుతుంది. పూసిన రోజులలో చెట్టు అంతా పసుపు రంగు కమ్ముకొని తేనెటీగలతో నిండి ఉంటుంది. పూత విస్తారంగా ఉన్నా, పువ్వులలో ఎక్కువ భాగం కాయ కట్టకుండానే రాలిపోతాయి. నిలిచిన కాయలు పక్వానికి రావడానికి దాదాపు పది, పదకొండు నెలలు పడుతుంది. మరుసటి ఏడాది ఫిబ్రవరి, మార్చి నెలలలో ఎండిన కాయలు గాలికి కొట్టుకొనిపోయి తల్లి చెట్టుకు దూరంగా పడతాయి.

వ్యాప్తి

ఎర్రచందనం సహజంగా పెరిగే ప్రాంతం చాలా చిన్నది. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండలు, వీటికి ఉత్తరంగా నల్లమల దక్షిణ భాగపు కొండలలో ఈ చెట్లు ఉన్నాయి. పాత జిల్లాల లెక్కన చూస్తే కడప, చిత్తూరు జిల్లాలు దీనికి గుండెకాయ వంటివి. నెల్లూరు, ప్రకాశం, కర్నూలు జిల్లాలలో కూడా కొంత మేరకు పెరుగుతుంది. సముద్ర మట్టానికి 150 మీటర్ల నుండి 900 మీటర్ల ఎత్తు వరకు కొండవాలులలో ఎక్కువగా కనిపిస్తుంది.

ఈ కొండలు క్వార్ట్‌జైట్, షేల్ వంటి రాళ్ళతో ఏర్పడినవి. నేల పలుచగా, గులకరాళ్ళతో నిండి, నీరు నిలువకుండా ఉంటుంది. వేసవిలో ఎండ 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. నైరుతి, ఈశాన్య ఋతుపవనాలు రెండింటి వలన ఇక్కడ వర్షం పడుతుంది, కానీ రెండింటికీ నడుమ పొడి కాలం దీర్ఘంగా ఉంటుంది. ఇతర చెట్లకు కష్టమైన ఈ పరిస్థితులే ఎర్రచందనానికి అనుకూలంగా ఉన్నాయి. రాతి నేలలలో, నీటి ఎద్దడి మధ్య నెమ్మదిగా పెరిగిన చెట్ల చేవ చిక్కగా, మంచి రంగుతో ఉంటుందని కలప వ్యాపారంలో నమ్మకం ఉన్నది.

ఎర్రచందనంతో పాటు ఈ అడవులలో చిరుమాను, బిల్లుడు, నల్లమద్ది, వేగిస, నారేపి మొదలైన చెట్లు పెరుగుతాయి. తంబజాలారి, కొండ సాంబ్రాణి, మొగి, తెల్లకరక వంటి అరుదైన చెట్లు కూడా ఈ కొండలలోనే ఉన్నాయి. అందువలన ఎర్రచందనపు అడవిని కాపాడటం అంటే దానితో కలిసి బ్రతికే ఈ అరుదైన వృక్ష సముదాయాన్ని కూడా కాపాడటమే.

ఈ ప్రాంతంలో కొంత భాగం రక్షిత ప్రదేశాలలో ఉన్నది. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం 1988లోను, శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం 1989లోను, శ్రీ పెనుసిల నరసింహ అభయారణ్యం 1997లోను ఏర్పడ్డాయి. 2010లో శేషాచలం కొండలను జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. ఆంధ్ర ప్రదేశ్‌లో ఇది మొదటి జీవావరణ రిజర్వు.

కలప

ఎర్రచందనపు మానును అడ్డంగా కోసినపుడు రెండు భాగాలు స్పష్టంగా కనిపిస్తాయి. వెలుపలి చెక్క తెల్లగా ఉంటుంది, దీనికి విలువ లేదు. లోపలి చేవ ముదురు ఎరుపు నుండి ఊదా కలిసిన నలుపు వరకు ఉంటుంది. గాలి తగిలిన కొద్దీ రంగు ఇంకా ముదురుతుంది. ఎండిన చేవ కూడా నీటిలో మునిగిపోయేంత బరువు కలది. చెదపురుగులు దీనిని తొందరగా తినలేవు. నునుపు చేస్తే అద్దం వంటి మెరుగు వస్తుంది.

కొన్ని చెట్ల చేవలో నారలు తిన్నగా కాక అలలు అలలుగా ఉంటాయి. ఇటువంటి కలపకు అంతర్జాతీయ విపణిలో అత్యధిక ధర పలుకుతుంది. అటవీ శాఖ దుంగలను ఎ, బి, సి తరగతులుగా విభజించి వేలం వేస్తుంది. అలల నార గల దుంగలు పై తరగతిలోకి వస్తాయి. నిలిచి ఉన్న చెట్టును పైనుండి చూసి లోపల అలల నార ఉన్నదో లేదో చెప్పడం కష్టం. అందుచేత దొంగలు చెట్టుకు గాటు పెట్టి చూడటం, నరికిన తరువాత చేవ తక్కువగా ఉన్నదని దుంగలను అడవిలోనే వదిలి వెళ్ళడం జరుగుతుంటుంది. ఒక మంచి దుంగ కోసం అనేక చెట్లు వృథాగా పోతాయి.

చేవలోని ఎర్రని రంగుకు శాంటలిన్ అనే పదార్థాలు కారణం. ఇవి నీటిలో దాదాపు కరగవు, ఆల్కహాలులో కరుగుతాయి. టెరోస్టిల్బీన్, టెరోకార్పిన్ అనే పదార్థాలు కూడా ఈ చేవలో ఉన్నాయి.

ఉపయోగాలు

స్థానిక వాడుక

ఈ కలప అపురూపం కాకముందు కడప, చిత్తూరు ప్రాంతపు గ్రామాలలో దీనిని ఇళ్ళకు స్తంభాలుగా, దూలాలుగా, బండి భాగాలుగా, వ్యవసాయ పనిముట్లుగా వాడేవారు. ఆకులు పశువులకు, మేకలకు మేతగా పనికివస్తాయి.

బొమ్మలు, శిల్పాలు

తిరుపతి పరిసరాలలో ఎర్రచందనంతో దేవతామూర్తులను, బొమ్మలను చెక్కే కళ చాలాకాలంగా ఉన్నది. రైల్వే కోడూరు సమీపంలోని శెట్టిగుంట గ్రామం ఈ బొమ్మలకు పేరు పొందింది. దసరా బొమ్మల కొలువులో పెట్టే స్త్రీ పురుషుల జంట బొమ్మలను మరపాచి బొమ్మలు అంటారు. వీటిని ఎర్రచందనంతో చేయడం ఆనవాయితీ. కూతురి పెళ్ళికి సారెలో ఈ జంట బొమ్మలను ఇచ్చే ఆచారం దక్షిణ భారతదేశంలోని కొన్ని కుటుంబాలలో ఉన్నది. కలపపై నిబంధనలు కఠినమైన తరువాత శిల్పులకు ముడిసరకు దొరకడం కష్టమైంది. చట్టబద్ధంగా కొనుగోలు చేసిన చెక్కకు మాత్రమే అనుమతి ఉంటుంది.

వైద్యంలో

ఆయుర్వేదంలో రక్తచందనాన్ని చలువ చేసే ద్రవ్యంగా పరిగణిస్తారు. చెక్కను సానరాయిపై నీటితో అరగదీసి, వచ్చిన గంధాన్ని వాపులకు, తలనొప్పికి, చర్మపు మంటకు, దెబ్బల వలన కమిలిన చోట్ల పైపూతగా వాడటం తెలుగు ఇళ్ళలో కూడా తెలిసిన చిట్కాయే. ముఖానికి రాసుకునే సున్నిపిండ్లలో, లేపనాలలో కూడా దీని పొడిని కలుపుతారు. ఇవి సాంప్రదాయిక వాడుకలు. పచారీ కొట్లలో ఎర్రచందనపు పొడి పేరుతో వేరే చెక్కల పొడిని అమ్మే అవకాశం ఉన్నందున కొనేవారు జాగ్రత్త వహించాలి.

రంగు

కృత్రిమ రంగులు రాకముందు ఎర్రచందనం ప్రధానంగా అద్దకపు చెక్కగా ఐరోపాకు ఎగుమతి అయ్యేది. ఉన్ని, తోలు, కొయ్య వస్తువులకు ఎర్ర రంగు వేయడానికి దీనిని ఉపయోగించారు. మధ్యయుగపు ఐరోపా వంటకాలలో ఆహారానికి రంగు తేవడానికి దీని పొడిని కలిపేవారు. 19వ శతాబ్దపు రెండవ భాగంలో కృత్రిమ రంగులు వ్యాపించడంతో ఈ గిరాకీ క్షీణించింది.

తూర్పు ఆసియాలో

నేటి గిరాకీ ముఖ్యంగా చైనా, జపాన్ దేశాలది. జపాను వారి మూడు తంత్రుల వాద్యమైన షమిసెన్ మెడ భాగానికి ఈ కలప శ్రేష్ఠమైనదిగా భావిస్తారు. చైనాలో జితాన్ అనే పేరుతో పిలిచే ఊదా ఎరుపు కలపతో మింగ్, చింగ్ రాజవంశాల కాలంలో రాజప్రాసాదాలకు సామగ్రి చేసేవారు. ఆ సంప్రదాయం వలన అక్కడ ఈ కలప ఆసనాలు, బీరువాలు, చెక్కడపు పనులు సంపదకు, హోదాకు గుర్తుగా నిలిచాయి. 1999లో బీజింగ్ నగరంలో ఈ కలప శిల్పాలకు ప్రత్యేకంగా ఒక ప్రదర్శనశాలను ప్రారంభించారు. చైనాలో సంపన్నుల సంఖ్య పెరిగిన కాలంలోనే ఆంధ్ర ప్రదేశ్ అడవులపై ఒత్తిడి కూడా పెరిగింది.

అపోహ

ఎర్రచందనం అణు విద్యుత్ కేంద్రాలలో రేడియో ధార్మికతను అడ్డుకొనడానికి వాడతారని, అందుకే దీనికి అంత ధర అని తెలుగునాట విస్తృతంగా ప్రచారంలో ఉన్నది. దీనికి శాస్త్రీయమైన ఆధారం లేదు. ఈ కలప ధరకు కారణం సామగ్రి, వాద్యాలు, చెక్కడపు పనులు, ఔషధాల గిరాకీయే.

సాగు

నారు పెంపకం

ఎర్రచందనాన్ని గింజల ద్వారా పెంచడం సాధారణ పద్ధతి. ఫిబ్రవరి నుండి ఏప్రిల్ వరకు ఎండిన కాయలను సేకరిస్తారు. కాయ పెంకు గట్టిగా ఉండటం వలన మొలక శాతం తక్కువ. గింజను పెంకు నుండి వేరుచేయడం కూడా కష్టం, కనుక కాయనే విత్తనంగా వాడతారు. మొలక శాతం పెంచడానికి ఈ క్రింది పద్ధతులు పాటిస్తారు:

- కాయ చుట్టూ ఉన్న రెక్కను కత్తిరించడం
- కాయలను మూడు రోజుల పాటు చన్నీటిలో నానబెట్టడం
- పేడ నీటిలో నానబెట్టి తీసి విత్తడం

ఇలా సిద్ధం చేసిన కాయలను వేసవి చివర ఇసుక కలిసిన మట్టి మడులలో విత్తి, పైన పలుచగా గడ్డి కప్పి, తేమ ఆరకుండా తడుపుతారు. మొలకలన్నీ ఒకేసారి రావు, కొన్ని వారాల పాటు విడతలుగా వస్తాయి. మొలకలను ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపిన ప్లాస్టిక్ సంచులలోకి మార్చి ఏడాది పాటు పెంచుతారు. వేరుతో కూడిన మోడులను నాటే పద్ధతి కూడా ఉన్నది.

నాటడం, సంరక్షణ

ఎర్రచందనానికి పూర్తి సూర్యరశ్మి కావాలి. నీడలో సరిగా పెరగదు. నీరు నిలిచే నల్లరేగడి, చౌడు నేలలు పనికిరావు. మురుగు పోయే ఎర్ర నేలలు, గరప నేలలు అనుకూలం. తొలకరి వర్షాలకు 45 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతు గల గుంతలు తీసి, మొక్కకూ మొక్కకూ 4 మీటర్ల ఎడం ఉండేటట్లు నాటుతారు. మొదటి రెండు మూడేళ్ళు కలుపు తీయడం, పశువుల నుండి కాపాడటం, వేసవిలో నీరు పెట్టడం అవసరం. వేరు నిలదొక్కుకొన్న తరువాత మొక్క వర్షాభావాన్ని బాగా తట్టుకుంటుంది. తిన్నని మాను కోసం ప్రక్క కొమ్మలను కత్తిరిస్తారు. మొదటి ఏళ్ళలో చెట్ల నడుమ వేరుశనగ, కంది, ఉలవ వంటి మెట్ట పైరులను వేసుకోవచ్చు.

కోత కాలం

చేవ ఏర్పడటం మొక్క నాటిన చాలా ఏళ్ళకు గాని మొదలు కాదు. తోటలలో కోతకు 25 నుండి 30 సంవత్సరాలు పడుతుందని, అంతకు ఎక్కువ కాలం ఆగిన కొద్దీ చేవ పెరుగుతుందని చెబుతారు. నీరు, ఎరువు పెట్టి వేగంగా పెంచిన చెట్టు లావుగా కనిపించినా, లోపల చేవ పాలు అదే నిష్పత్తిలో ఉండదు. కొద్ది సంవత్సరాలలోనే లక్షల ఆదాయం వస్తుందని చెప్పి ఎర్రచందనం మొక్కలు నాటిన స్థలాలను అమ్మే ప్రకటనలు వస్తుంటాయి. వాటిని నమ్మేముందు రెండు విషయాలు గమనించాలి. ఒకటి, ఈ ప్రకటనలలో చూపే లెక్కలు సాధారణంగా అడవి చెట్టు చేవ ధరపై ఆధారపడినవి. రెండు, సొంత భూమిలో పెంచిన చెట్టునైనా నరకడానికి, తరలించడానికి అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. అందుచేత నాటిన నాడే మొక్కల వివరాలను అధికారుల వద్ద నమోదు చేయించుకొనడం రైతుకు మేలు.

అడవిలో పునరుత్పత్తి

నరికిన చెట్టు మోడు నుండి, వేళ్ళ నుండి పిలకలు వేయడం ఎర్రచందనానికి ఉన్న మంచి గుణం. ఈ కారణం చేతనే ఒకప్పుడు నరికిన అడవులు కూడా మళ్ళీ పచ్చబడ్డాయి. కానీ పిలకల నుండి వచ్చిన చెట్టు చేవ పట్టాలంటే మళ్ళీ దశాబ్దాలు ఆగవలసిందే. గింజల నుండి మొలిచిన మొక్కలు తొలి ఏళ్ళలో ప్రతి వేసవిలోను పైభాగం ఎండిపోయి, వర్షాలకు వేరు నుండి తిరిగి చిగురిస్తాయి. ఇలా కొన్నేళ్ళు గడిచి వేరు బలపడిన తరువాత గాని కాండం నిలువదు. వేసవిలో అడవులలో చెలరేగే నిప్పు నేలపై రాలిన కాయలను, ఈ లేత మొక్కలను తగులబెడుతుంది. మేకల మేత కూడా వీటికి నష్టం కలిగిస్తుంది. దొంగలు ముందుగా పెద్ద చెట్లనే నరుకుతారు. ఎక్కువ కాయలు కాసి విత్తనం ఇచ్చేవి కూడా అవే. కనుక పెద్ద చెట్లు పోయిన చోట రాబోయే తరం కూడా పలుచబడుతుంది.

అక్రమ రవాణా

అడవి నుండి ఎర్రచందనాన్ని నరికి తీసుకుపోవడం నేరం. అయినప్పటికీ 1990ల నుండి, ముఖ్యంగా 2000 సంవత్సరం తరువాత, ఇది పెద్ద ఎత్తున సాగింది. దీనిలో అనేక అంచెలు ఉన్నాయి. అడవిలో చెట్టు నరికే పని కూలీలది. వీరిలో ఎక్కువమంది తమిళనాడు ఉత్తర జిల్లాలలోని కొండ గ్రామాల నుండి దళారుల ద్వారా వచ్చే పేదలు. వారు గుంపులుగా అడవిలోకి ప్రవేశించి, రోజుల తరబడి అక్కడే ఉండి, చెట్టు నరికి, తెల్ల చెక్కను చెక్కివేసి, చేవ దుంగలను భుజాలపై మోసుకొని రహదారి వరకు చేరుస్తారు. అక్కడి నుండి వాహనాలలో దాచి ఓడరేవులకు తరలిస్తారు. వేరే సరుకు పేరుతో నింపిన కంటెయినర్లలో విదేశాలకు పంపడం, నేపాల్, మయన్మార్ సరిహద్దుల గుండా దాటించడం వంటి మార్గాలు అధికారుల దాడులలో బయటపడ్డాయి. లాభంలో అధిక భాగం పై అంచెలలోని వారికి చేరుతుండగా, పట్టుబడి జైలు పాలయ్యేవారిలో ఎక్కువమంది కూలీలే.

ఈ వ్యాపారం అనేక ప్రాణాలను బలిగొన్నది. 2013 డిసెంబరులో శేషాచలం అడవులలో విధి నిర్వహణలో ఉన్న ఇద్దరు అటవీ అధికారులను దుంగల దొంగలు హతమార్చారు. ఆ తరువాత ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం అక్రమ రవాణా నిరోధానికి ప్రత్యేక కార్యదళాన్ని ఏర్పాటు చేసింది. 2015 ఏప్రిల్ 7న చంద్రగిరి సమీపంలోని అడవిలో ఈ దళం జరిపిన కాల్పులలో తమిళనాడుకు చెందిన 20 మంది కూలీలు మరణించారు. తమపై దాడి జరిగినందున ఆత్మరక్షణకై కాల్పులు జరిపామని పోలీసులు చెప్పగా, మానవ హక్కుల సంఘాలు ఆ వాదనను ఖండించాయి. ఈ సంఘటనపై జాతీయ మానవ హక్కుల కమిషన్‌లోను, హైకోర్టులోను విచారణలు జరిగాయి. 

చట్టాలు, రక్షణ

1882 నాటి మద్రాసు అటవీ చట్టం క్రింద ఈ ప్రాంతపు అడవులు రిజర్వు అడవులుగా ఏర్పడ్డాయి. తరువాతి కాలంలో 1967 నాటి ఆంధ్ర ప్రదేశ్ అటవీ చట్టం, దాని క్రింద చేసిన నియమాలు ఎర్రచందనం కలిగి ఉండటాన్ని, రవాణాను నియంత్రించాయి. 2016లో ఈ చట్టాన్ని సవరించి ఎర్రచందనం నేరాలకు శిక్షలను పెంచారు.

అంతర్జాతీయంగా, అంతరించే జాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందపు రెండవ అనుబంధంలో 1995లో ఎర్రచందనాన్ని చేర్చారు. దీని వలన దుంగలు, చెక్క ముక్కలు, పొడి, సారం మొదలైన వాటిని అనుమతి పత్రం లేకుండా దేశాలు దాటించరాదు. అడవి నుండి నరికిన కలప ఎగుమతిని భారత ప్రభుత్వం నిషేధించింది. దొంగల నుండి పట్టుకొన్న దుంగలను మాత్రం ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం కేంద్ర ప్రభుత్వ అనుమతితో 2014 నుండి ఎలక్ట్రానిక్ వేలం ద్వారా విక్రయిస్తున్నది.

రైతులు పెంచిన కలప సంగతి చాలాకాలం పాటు తేలలేదు. పట్టా భూములలో చెట్లు ఎదిగినా ఎగుమతికి మార్గం లేక రైతులు ఇబ్బంది పడ్డారు. 2019లో కేంద్ర ప్రభుత్వం సొంత భూములలో పెంచిన ఎర్రచందనపు ఎగుమతికి నియమాలను సడలించింది. సైటీస్ సంస్థ 2004 నుండి భారతదేశపు ఎర్రచందనాన్ని ప్రత్యేక వ్యాపార సమీక్షలో ఉంచింది. 2023 నవంబరులో జెనీవాలో జరిగిన స్థాయీ సంఘ సమావేశంలో దీనిని ఆ సమీక్ష నుండి తొలగించారు. ఇది తోటల రైతులకు మేలు చేసే నిర్ణయంగా భావించారు. తోట కలప సక్రమంగా విపణికి చేరితే అడవి కలపపై ఒత్తిడి తగ్గుతుందని ఆశించేవారు ఉన్నారు. తోట కలప పేరుతో అడవి కలప చేతులు మారకుండా గట్టి తనిఖీ అవసరమని హెచ్చరించేవారూ ఉన్నారు.

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి ఎర్రచందనాన్ని మొదట 1990లలో అంతరించే ప్రమాదమున్న జాతిగా గుర్తించింది. 2018లో దీనిని ఒక మెట్టు తక్కువ ప్రమాదమున్న వర్గంలోకి మార్చింది. ఆ తరువాతి మదింపులో మళ్ళీ అంతరించే ప్రమాదమున్న వర్గంలోకి చేర్చింది. గడచిన మూడు తరాల కాలంలో ఈ చెట్ల సంఖ్య 50 నుండి 80 శాతం వరకు తగ్గిందని ఆ మదింపు పేర్కొన్నది. ఇక్కడ తరం అనగా చెట్టు తరం, మనిషి తరం కాదు.

పోలికగల ఇతర చెట్లు

- వేగిస: ఇదే ప్రజాతికి చెందిన మరొక చెట్టు. దీని బెరడు నుండి కూడా ఎర్రని బంక కారుతుంది. భారతదేశంలో అనేక రాష్ట్రాలలో పెరుగుతుంది.
- బండి గురివింద: దీనిని కూడా ఆంగ్లంలో కొన్నిచోట్ల రెడ్ శాండల్‌వుడ్ అని పిలుస్తారు. ఎర్రని మెరిసే గింజలు గల ఈ చెట్టుకు ఎర్రచందనపు కలపతో సంబంధం లేదు.
- ఆఫ్రికా పడౌక్: ఇదే ప్రజాతికి చెందిన ఆఫ్రికా చెట్టు. ఎర్రని కలప కలది. విదేశీ విపణిలో ఎర్రచందనానికి బదులుగా వాడతారు.
- మడగాస్కర్ దీవిలోని డాల్బెర్జియా జాతి చెట్టు కలపను కూడా చైనాలో జితాన్ పేరుతో విక్రయించిన సందర్భాలు ఉన్నాయి.

సినిమాలలో

శేషాచలం అడవులలోని ఎర్రచందనం అక్రమ రవాణా నేపథ్యంగా సుకుమార్ దర్శకత్వంలో అల్లు అర్జున్ కథానాయకుడుగా నిర్మించిన తెలుగు చిత్రం "పుష్ప" మొదటి భాగం 2021 డిసెంబరులోను, రెండవ భాగం 2024 డిసెంబరులోను విడుదలయ్యాయి. ఈ చిత్రాల వలన ఎర్రచందనం పేరు దేశమంతటా పరిచయమైంది.

ఇవి కూడా చూడండి

- శేషాచలం కొండలు
- తూర్పు కనుమలు
- శ్రీగంధం
- వేగిస
- బొమ్మల కొలువు